అలమీడా క్రీక్ ట్రెయిల్, ఫ్రీమాంట్: ఎత్తు లేదు గానీ ఎదురుగాలి ఉంది

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, యూనియన్ సిటీ, నెవార్క్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో చాలామంది ఈ ట్రెయిల్ మీద నడిచే ఉంటారు, ఇంటి దగ్గర్లో ఏదో ఒక బ్రిడ్జి పక్కన గట్టెక్కి అరగంట అటూ ఇటూ తిరిగి దిగిపోతారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా సైకిల్ మీద వెళ్ళినవాళ్ళు మాత్రం నాకు తెలిసి ఇద్దరే. నేను కూడా ఆరేళ్ళు ఇక్కడే ఉండి మొన్న ఏప్రిల్ దాకా వెళ్ళలేదు, ఇండియా నుంచి మా నాన్న వచ్చి, మూడో వారానికే ఇంట్లో కాళ్ళు ఆడక, "ఏంట్రా ఈ ఊళ్ళో కారు లేకపోతే మనిషే కాదా" అని సణగడం మొదలెట్టాక వెళ్ళాల్సి వచ్చింది. ఇప్పటికి ఎనిమిది తొమ్మిది సార్లు తొక్కాం కాబట్టి రివ్యూ రాసే హక్కు వచ్చిందనుకుంటున్నా.

ముందు అసలు సంగతి. నైల్స్ కాన్యన్ అనే కొండ లోయ మూతి దగ్గర మొదలై శాన్ ఫ్రాన్సిస్కో బే, అంటే సముద్రపు ఖాతం దాకా 12 మైళ్ళు, అంటే మన లెక్కలో 19 కిలోమీటర్లు. క్రీక్‌కి రెండు పక్కలా గట్లు, రెండు గట్ల మీదా దారి ఉంది. దక్షిణం గట్టు తారు వేసింది, ఉత్తరం గట్టు కంకర, గుర్రాలు కూడా వెళ్తుంటాయి. ఈస్ట్ బే రీజనల్ పార్క్ డిస్ట్రిక్ట్ వాళ్ళు చూసుకుంటారు, డబ్బులేం లేవు. చదును అంటే నిజంగా చదును, మా అమ్మాయికి ఏడేళ్ళు, సైడు వీల్స్ తీసేసి రెండు నెలలే అయింది, అది కూడా దిగకుండా తొక్కింది. ఒకే ఒక్క చోట కాళ్ళకి పని పడుతుంది, రోడ్డు బ్రిడ్జి వచ్చినప్పుడల్లా దారి గట్టు దిగి బ్రిడ్జి కింద నుంచి పోయి మళ్ళీ పైకెక్కుతుంది. ఆ దిగుడులో వచ్చిన ఊపు ఉంటే ఎక్కడం తెలీదు, భయపడి బ్రేక్ పట్టారంటే మాత్రం ఎక్కేటప్పుడు ఆగిపోతారు. దీనివల్ల లాభమేంటంటే ఎక్కడా రోడ్డు దాటక్కర్లేదు, సిగ్నల్ లేదు, కారు లేదు, మిషన్ బులెవార్డ్ కింద నుంచి, బార్ట్ (ఇక్కడి లోకల్ రైలు) పట్టాల కింద నుంచి, 880 ఫ్రీవే కింద నుంచి అలా పోతూనే ఉంటాం. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు మేం చేసిన తప్పు చెప్తా, అది చెప్తే ఈ ట్రెయిల్ గురించి సగం చెప్పినట్టే.

నాకు కయోటీ హిల్స్ పార్క్ దగ్గర పార్కింగ్ ఈజీ అనిపించింది, 5 డాలర్లు కట్టి కారు లోపల పెట్టి, అక్కణ్ణించి నైల్స్ వైపు, అంటే బే నుంచి కొండల వైపు బయల్దేరాం. పొద్దున పదకొండు. నేను, నాన్న, అమ్మాయి. నాన్నకి దొరికిన సైకిల్ ఇండియాకి తిరిగి వెళ్ళిపోతున్న ఒకాయన వాట్సాప్ గ్రూపులో 60 డాలర్లకి పెడితే తీసుకున్నది, ఇరవై ఒకటి గేర్లు, ఆయన ఒక్కటీ మార్చలేదు. "సైకిల్ అంటే ఒకటే గేరు, అది మోకాల్లో ఉంటుంది" అని డైలాగ్ ఒకటి. కైకలూరు నుంచి ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున్న ఆరు కిలోమీటర్లు, సాయంత్రం ఆరు కిలోమీటర్లు కాలవ గట్టు మీద స్కూలుకి తొక్కిన మనిషి, ఎక్కిన రెండో నిమిషానికే మమ్మల్ని దాటేసి పోయాడు.

పోతుంటే ఎంత హాయిగా ఉందంటే, పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, సైకిల్ దానంతటదే పోతోంది. అమ్మాయి అయితే "నేను ఫాస్ట్, నేను ఫాస్ట్" అని అరుపులు. నేను కూడా ఈ వయసులో ఇంత స్టామినా ఉందా నాకు అని లోపల్లోపల మురిసిపోయా, ఆఫీసులో సోమవారం చెప్పుకోడానికి మాటలు కూడా రెడీ చేసుకున్నా. నైల్స్‌లో ఐస్‌క్రీమ్ తిని, పట్టాల దగ్గర పాత రైలింజన్లు చూసి, రెండింటికి వెనక్కి తిరిగాం.

తిరిగిన నిమిషంలోనే అర్థమైంది. మొహం మీద ఎవరో చెయ్యి పెట్టి తోస్తున్నట్టు గాలి. మార్చి నుంచి ఆగస్టు దాకా ఇక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం వైపు నుంచి లోపలికి గాలి కొడుతుంది, ఆ సంగతి ఆరేళ్ళుగా నాకు తెలుసు, సాయంత్రాలు పెరట్లో కుర్చీలు పడిపోతుంటే తెలీకుండా ఎలా ఉంటుంది, కానీ అదే గాలి సైకిల్‌కి ఏం చేస్తుందో ఆలోచించలేదు. గట్టు మీద చెట్టు లేదు, గోడ లేదు, ఆ గాలికి అడ్డం మనమే. అమ్మాయి మైలు కూడా తొక్కకుండా ఏడుపు. నాన్న నా వైపు చూసి, "పొద్దున మనం బాగా తొక్కుతున్నాం అనుకున్నాంరా, తొక్కింది గాలి" అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని నేను చిన్నప్పుడు చూసిందే, మర్చిపోయా. అమ్మాయి సైకిల్ పక్కకి తన సైకిల్ తెచ్చి, ఎడం చేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడి చెయ్యి దాని వీపు మీద ఆనించి తొక్కడం మొదలెట్టాడు. నెట్టడం లేదు, ఊరికే ఆనించి ఉంచాడు, ఆయన పెడల్ తొక్కినప్పుడల్లా ఆ ఊపు దానికి అందుతోంది. అది ఏడుపు ఆపి "తాతయ్యా ఇంజన్" అంది. అరవై ఆరేళ్ళ ఇంజను అలా రెండు మైళ్ళ పైనే లాగింది. ఆ తర్వాత నేనే భయపడి మా ఆవిడకి ఫోన్ చేసి ఒక బ్రిడ్జి దగ్గరికి కారు తెమ్మని పిల్లని ఎక్కించేశా, నాన్న మాత్రం దిగనన్నాడు, చివరిదాకా తొక్కుకుంటూ వచ్చాడు, నా కన్నా ముందే. ఇంటికొచ్చాక ఒక్క మాట అన్లేదు గానీ రాత్రి జండూబామ్ ఎక్కడుందని అడిగాడు.

కాబట్టి మీరు ఇలా చెయ్యండి. నైల్స్ వైపు ఓల్డ్ కాన్యన్ రోడ్డు దగ్గర స్టేజింగ్ ఏరియా, అంటే కారు పెట్టి ట్రెయిల్ ఎక్కే చోటు ఉంది, పార్కింగ్ ఫ్రీ, పెద్దదేం కాదు, శని ఆదివారాల్లో తొమ్మిది లోపు చేరుకోండి. పొద్దున గాలి లేనప్పుడు బే వైపు వెళ్ళిపోండి, మధ్యాహ్నం గాలి లేచాక అదే గాలి మిమ్మల్ని వెనక్కి తీసుకొచ్చి కారు దగ్గర దింపుతుంది. మేం మిగతా అన్నిసార్లూ ఇలాగే వెళ్ళాం. ఒక్కసారి పొద్దున కూడా గాలి ఉంది, నాలుగు మైళ్ళు వెళ్ళి తిరిగొచ్చేశాం, పంతానికి పోలేదు.

ఇంక దారి సంగతి. నైల్స్ నుంచి మొదటి మూడు నాలుగు మైళ్ళు క్రీక్‌లో నీళ్ళు నిండుగా కనబడతాయి, దానికి కారణం ఉంది. వాటర్ డిస్ట్రిక్ట్ వాళ్ళు అడ్డంగా రబ్బరు డ్యాములు పెట్టారు, కావాలంటే ఉబ్బుతాయి, వరద వస్తే చప్పబడి పడుకుంటాయి. ఆ నిలబెట్టిన నీళ్ళని పక్కనున్న పాత కంకర గుంటల్లోకి వదిలి భూమిలోకి ఇంకిస్తారు, మళ్ళీ బోర్లతో తోడి ఊరికి ఇస్తారు. అవతలి గట్టు పక్కన కనిపించే క్వారీ లేక్స్ కూడా అలాంటి గుంటలే, రైలు పట్టాల కోసం ఎప్పుడో కంకర తవ్వుకుపోయిన చోట్లు. డ్యాము పక్కన కాంక్రీటు మెట్ల లాంటిది కనిపిస్తుంది, అవి చేపలు ఎక్కే మెట్లు. స్టీల్‌హెడ్ అని ఒక రకం ట్రౌట్, సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి వాగు పైకి రావాలి, డ్యాములు కట్టాక రాలేకపోయింది, అందుకని ఇన్నేళ్ళకి దానికి మెట్లు కట్టారు. నాన్న అక్కడ పావుగంట నిలబడ్డాడు, పులస గోదావరికి ఎదురెక్కుతుంది కదా, ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చి ఆగిపోతుంది, "దానికీ ఇలాంటివి రెండు మెట్లు వెయ్యచ్చు కదరా" అని. అప్పుడు రేటు తగ్గిపోతుంది నాన్నా అన్నా.

ఇంకో మాట కూడా అన్నాడు. "ఇది వాగు కాదురా, కాలవ. వాగు ఇంత తిన్నగా పోతుందా?" నిజమే. 1955లో, మళ్ళీ 1958లో వరదలొచ్చి ఈ ప్రాంతమంతా మునిగితే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ళు క్రీక్ కింది భాగాన్ని వెడల్పు చేసి, వంకరలు తీసేసి, రెండు పక్కలా గట్లు పోశారు. మనం తొక్కుతున్నది ఆ వరద గట్టు మీదే. అందుకే అంత చదును, అందుకే కొంతమందికి బోరు కూడా. నిజం చెప్పాలంటే మధ్యలో నాలుగైదు మైళ్ళు చూడ్డానికేం లేదు. ఎడమ పక్క ఇళ్ళ వెనక కంచెలు, నిమ్మ చెట్లు, ఒకటి రెండు చోట్ల ఎవరో మనవాళ్ళు పెరట్లో వేసిన ఆనపకాయ పందిరి, కుడి పక్క ఎండాకాలం అయితే ఎండిపోయిన గడ్డి, సన్నగా నీళ్ళు. ఫ్రీవే దాటేదాకా ఓపిక పట్టండి.

అది దాటాక ఊరు పలచబడుతుంది, గాలిలో ఉప్పు వాసన తెలుస్తుంది, నీళ్ళు మళ్ళీ వెడల్పవుతాయి, ఇక్కణ్ణించి సముద్రపు ఆటుపోట్లు లోపలికి వస్తాయి. పోటు తీసినప్పుడు బురద బయటపడుతుంది, పిట్టలు చూడాలంటే అదే టైము. పొడుగు ముక్కు పైకి వంపు తిరిగి ఉండే ఆవొసెట్లు ముక్కుని బురదలో అటూ ఇటూ, మనం కొడవలి తిప్పినట్టు తిప్పుకుంటూ నడుస్తాయి. ఎర్ర కాళ్ళ స్టిల్ట్‌లు, తెల్ల కొంగలు, నారాయణ పక్షిని పోలిన గ్రేట్ బ్లూ హెరాన్, ఒకటే నిలబడి ఉంటుంది, మీరు పక్కనుంచి పోయినా కదలదు. తెల్ల పెలికాన్లు కనిపించిన రోజు నాన్న సైకిల్ స్టాండ్ వెయ్యకుండానే వదిలేశాడు, స్టాండే లేదు దానికి, కింద పడిపోయింది. మా ఆటపాకలో ఉండేవి బూడిద రంగువి, గూడబాతులంటాం, ఇవి తెల్లటి తెలుపు, నాలుగైదు కలిసి వరసగా ఈదుతూ చేపల్ని ఒక పక్కకి తోలి ఒకేసారి మూతులు ముంచుతాయి. ఇరవై నిమిషాలు చూశాం, అమ్మాయి పులిహోర డబ్బా సగం ఖాళీ చేసింది ఈలోపు.

అక్కడే ఎడమ పక్కకి దిగితే కయోటీ హిల్స్. చిన్న చిన్న పచ్చటి గుట్టలు, అవీ వేసవికి ఎండిపోయి బంగారు రంగులోకి వస్తాయి, వాటి కాళ్ళ దగ్గర చిత్తడి నేల. ట్రెయిల్ మొత్తంలో నాకు నచ్చింది ఈ ముక్కే. దారికి రెండు పక్కలా మనిషెత్తు జమ్ము, గాలికి అదంతా ఒకటే చప్పుడు, ఎర్ర భుజాలుండే నల్ల పిట్టలు జమ్ము కంకుల మీద కూర్చుని ఊగుతూ అరుస్తుంటాయి. జమ్ము మధ్యలోంచి చెక్క వంతెన కూడా వేశారు, దాని మీద సైకిల్ తొక్కకండి, దిగి నడవండి. ఓలోనీ తెగ వాళ్ళు ఇక్కడ 2,000 ఏళ్ళ కిందటి నుంచే ఉన్నారట, ఆ ఊరి దిబ్బ ఇప్పటికీ ఉంది, వాళ్ళు ఈ తుంగ జాతి గడ్డినే కట్టలు కట్టి పడవలు చేసుకునేవాళ్ళని విజిటర్ సెంటర్‌లో పెట్టారు. నాన్న ఆ కట్టల ముడి దగ్గరగా చూసి, మా వైపు తాటి దోనె వేసినట్టు వీళ్ళు గడ్డితో వేశారని తేల్చేశాడు.

గుట్టల చుట్టూ బే వ్యూ ట్రెయిల్ అని తారు దారి ఉంది, మూడున్నర మైళ్ళు. ఇది చదును కాదు, ముందే చెప్తున్నా, రెండు మూడు చోట్ల ఎక్కాలి, దిగేటప్పుడు పిల్లల్ని వదిలెయ్యకండి. కానీ పశ్చిమం వైపు తిరిగాక కనిపించే దృశ్యానికి ఆ కష్టం తీరిపోతుంది, కింద మళ్ళు మళ్ళుగా నీళ్ళు, దూరంగా డంబార్టన్ బ్రిడ్జి. అవన్నీ ఒకప్పటి ఉప్పు మళ్ళు. చినగంజాం వైపు చూసే ఉంటారు, అవే, కాకపోతే ఒక్కో మడి మన ఊరంత. 2003లో ప్రభుత్వం కార్గిల్ కంపెనీ దగ్గర బే చుట్టూ 16,500 ఎకరాలు కొని, మెల్లగా గట్లు తెగ్గొట్టి సముద్రాన్ని లోపలికి వదులుతోంది, మళ్ళీ చిత్తడి చెయ్యడానికి. కొల్లేట్లో 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన రోజులు నాన్నకి బాగా గుర్తు, మా బంధువుల చెరువులు కూడా పోయాయి అందులో. "వీళ్ళు డబ్బులిచ్చి కొట్టారు" అన్నాడు, ఇంకేం అన్లేదు, ఆ టాపిక్ అక్కడితో వదిలేశాం.

ఇప్పుడు నచ్చనివి. నీడ లేదు, మళ్ళీ చెప్తున్నా, 12 మైళ్ళలో చెట్టు కింద ఆగి నిలబడ్డ చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. టోపీ, మొహానికి క్రీము తప్పదు. నీళ్ళు ఇంటి దగ్గరే నింపుకోండి, మనిషికి రెండు సీసాలు, మేం ఒక సీసాలో ఉప్పేసిన మజ్జిగ పట్టుకెళ్తాం. టాయిలెట్లు స్టేజింగ్ ఏరియాల్లో ఉన్నాయి, శుభ్రం రోజును బట్టి. బ్రిడ్జిల కింద గాజు పెంకులు ఉంటాయి, ఎండలోంచి ఒక్కసారి చీకట్లోకి వెళ్తాం కాబట్టి కనబడవు, చలవ కళ్ళద్దాలు కొంచెం కిందికి దించుకోండి. వానాకాలంలో, అంటే ఇక్కడ డిసెంబర్ నుంచి మార్చి, పెద్ద వాన పడితే ఆ బ్రిడ్జి కింది దారుల్లోకి నీళ్ళొచ్చి మూసేస్తారు, బురద ఆరేదాకా మూసే ఉంటాయి, చూసుకుని వెళ్ళండి.

స్పీడు రూలు 15 మైళ్ళు గానీ బిగుతు బట్టల రేసు బ్యాచ్‌కి అది పట్టదు, వెనక నుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిచి దూసుకుపోతారు. మొదట్లో నాన్నకి ఎవడో లెఫ్ట్‌కి రమ్మంటున్నాడనుకుని సరిగ్గా ఎడమ పక్కకే జరిగేవాడు, ఒకసారి వెంట్రుకవాసిలో తప్పింది. దానర్థం నీ ఎడమ పక్క నుంచి వస్తున్నా, నువ్వు కుడి పక్కనే ఉండు అని. మీ పేరెంట్స్‌ని తీసుకెళ్తే ఇది ముందే చెప్పండి, నవ్వే విషయం కాదు. తర్వాత ఆయన ఒక బెల్లు కొనిపించుకున్నాడు, దారిలో కూర్చున్న కెనడా బాతులకి కూడా కొడతాడు, అవి లెక్క చెయ్యవు. పద్దెనిమిది లోపు పిల్లలకి హెల్మెట్ కాలిఫోర్నియాలో చట్టం, పెద్దవాళ్ళకి కాదు, అయినా పెట్టుకోండి.

నైల్స్ ఊరు గురించి రెండు ముక్కలు, వెళ్ళేముందో వచ్చాకో ఒక గంట ఉంచుకోండి. ఒకే వీధి, పాత సామాన్ల షాపులు, 1915లో చార్లీ చాప్లిన్ కొన్ని నెలలు ఇక్కడే ఉండి సినిమాలు తీశాడు, హాలీవుడ్ అంతా అటు పోకముందు ఇదొక సినిమా ఊరు. ఆ మూకీల మ్యూజియం ఇప్పటికీ ఉంది. మా నాన్నకి ఈ సంగతి తెలిశాక ట్రెయిల్ కన్నా దీని గురించే కైకలూరు ఫ్రెండ్స్‌కి ఎక్కువ చెప్పాడు.

కారు లేనివాళ్ళు బార్ట్‌లో సైకిల్ ఎక్కించుకుని యూనియన్ సిటీలోనో ఫ్రీమాంట్‌లోనో దిగచ్చు, మొదటి బోగీలో మాత్రం ఎక్కించకూడదు, అక్కణ్ణించి గట్టు దాకా కొంచెం రోడ్డు మీద తొక్కాలి.

రేటింగ్ అడిగితే 5కి 4. నీడకీ నీళ్ళకీ కలిపి ఒకటి తీసేశా. గాలికి తియ్యలేదు, అది మా తప్పు.

ఆఖరుగా, సరదాకి ఉత్తరం వైపు కంకర గట్టు మీద వెళ్దామనుకునేవాళ్ళకి. దుమ్ము ఎక్కువ, మనుషులు తక్కువ, బాగానే ఉంటుంది. కానీ మేం వెళ్ళిన రోజు నా వెనక టైరు అరమైలులో కూర్చుండిపోయింది. దగ్గర్లో ఉన్న షాపుకి తోసుకెళ్తే ట్యూబు మార్చడానికి 35 డాలర్లు తీసుకుని, ముల్లు టైర్లోనే వదిలేసి కొత్త ట్యూబు ఎక్కించారు, గంటలో మళ్ళీ గాలి పోయింది. ఇంటికొచ్చి నాన్న టైరు లోపల వేలు పెట్టి మెల్లగా తిప్పి తిప్పి, లోపలికి విరిగిన ముల్లు పట్టకారుతో లాగి, అరచేతిలో పెట్టుకుని చూసి పడీ పడీ నవ్వాడు. పల్లేరు కాయ. మన చేలగట్ల మీద చెప్పుల్లేని కాళ్ళకి గుచ్చుకునేదే, అచ్చంగా అదే మొక్క, ఇక్కడ పేరు పంక్చర్ వైన్ అట. ఆ గట్టు మీదకి వెళ్తే ట్యూబు, పంపు వెంట పెట్టుకోండి, ముల్లు తియ్యకుండా కొత్త ట్యూబు ఎక్కించకండి.